ఎడమ తలుపు

ఒక ఆడమనిషి ఇరవై ఏళ్లపాటు ఊరూరా వెతికిన బీరువాని నేను ఒక్క మధ్యాహ్నంలో కొట్టేశాను. అదీ చెప్పిన ధరలో దాదాపు సగానికి. కొన్నాక లోపలా బయటా నున్నగా గీకించి పాలిష్ పట్టించాను. లోపల అతికించి ఉన్న పాత కాగితాలు గీకినందుకు వడ్రంగి విడిగా మూడువందలు అడిగితే నూటయాభైకి దించాను. గుంటూరు మొత్తంలో నా అంత బేరగత్తె ఇంకొకతి ఉంటే చూపించండి.

ఆ వెతికినామెకి కావలసింది సరిగ్గా ఆ కాగితాలే.

ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. కొట్టులో పెరిగినదాన్ని. సరుకులో లోపం ఉంటే ముందే చూపించి అమ్మాలని మా నాన్న అనేవాడు. ఆయన అలాగే అమ్మాడని మాత్రం హామీ ఇవ్వలేను.

ఆమె పోయిన వర్షాకాలంలో చనిపోయింది. ఈ జనవరి ఒకటిన, పొద్దున్నే కాఫీ తాగుతూ ఉంటే, మా హాల్లో ఆ బీరువా ఎడమ తలుపు మెల్లగా తెరుచుకుంది. బందు వదులైంది, ఫ్యాను గాలికి తెరుచుకుంటుంది, ఇందులో వింతేమీ లేదు. మా ఆయన పేపరులోంచి తలెత్తకుండా అదే మాట అన్నాడు. అయినా నేను లేచి వెళ్లి, వీధి తలుపు తీసి, మెట్ల మీద ఎవరైనా వస్తున్నారేమో చూసి వచ్చాను. గత మూడేళ్లుగా ఆ రోజు ఆ వేళకి ఆమె వచ్చేది.

ఆమె పేరు నాకు తెలియదు. పదేళ్ల పరిచయంలో అడగవలసిన అవసరం రాలేదు. నల్లపాడు స్టేషన్‌కి వెళ్లే దారిలో రేకుల షెడ్డు, అందులో పాత సామాన్ల కొట్టు, అందులో ఒక పాత చర్చి బెంచీ, ఆ బెంచీ మీద ఆమె. అందరికీ మామ్మే. బొద్దు మనిషి, తెల్లటి నూలు చీర, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం. పక్కనే బిస్కెట్ల రేకు డబ్బా నిండా లవంగాలు. ఆమె ధర చెప్పేటప్పుడు లవంగం కుడి బుగ్గలో ఉండేది. దించేది లేదని తేల్చేటప్పుడు ఎడమ బుగ్గలోకి మారేది. అది మారాక ఎవరెంత మొత్తుకున్నా వృథా. నేను మాటలు వినడం మానేసి బుగ్గ చూసి బేరం చేసేదాన్ని.

ఇళ్లు పడగొట్టేవాళ్ల దగ్గర్నుంచి, ఊళ్లు వదిలిపెట్టేవాళ్ల దగ్గర్నుంచి ఆమె కొనేది. టేకు ద్వారబంధాలు, బెల్జియం అద్దాలు, పందిరి మంచం కోళ్లు, ఇత్తడి గంగాళాలు, ధాన్యం కొలిచే కుంచాలు. ఒకప్పుడు ఇవి కట్టెల కిందా తూకం కిందా పోయేవి. అపార్ట్‌మెంట్లు లేచాక మాలాంటివాళ్లం కార్లేసుకుని వచ్చి, వాటిని చూసి నిట్టూర్పులు విడవడం మొదలుపెట్టాం. కుంచంలో పెన్నులు పెట్టుకుంటాం. గంగాళంలో మనీప్లాంటు వేస్తాం. ద్వారబంధాన్ని అడ్డంగా పడుకోబెట్టి, మీద గాజుపలక వేసి, దాని మీద కాఫీ తాగుతాం. మా అత్తగారు మొదటిసారి మా హాలు చూసి, "గడప మీద కప్పులు పెడతారా ఎవరన్నా?" అని బయటే నిలబడిపోయింది.

కొట్టులోకి ఎవరొచ్చినా మామ్మ అడిగే మొదటి మాట ఒకటే.

"యాడ పెడతావమ్మాయ్?"

ఆ జవాబుని బట్టే ధర. హాల్లో అంటే ఒక రేటు. వంటింట్లో అంటే తక్కువ. రిసార్టుకని వచ్చినవాళ్లకి ఆమె చెప్పే ధర విని వాళ్లు నీళ్లు తాగి వెళ్లిపోయేవారు. ఈ కిటుకు కనిపెట్టిన రోజు నేను మహా సంబరపడి, ఇత్తడి గంగాళం ముందు నిలబడి, "స్నానాల గదిలో మామ్మగారూ, నీళ్లు పట్టుకోడానికి. కార్పొరేషన్ నీళ్లు రోజు విడిచి రోజు కదా" అని దిగులుగా చెప్పాను. పన్నెండువందలు తగ్గించి ఇచ్చింది. నెల తర్వాత మళ్లీ వెళితే, తల తిప్పకుండానే అడిగింది:

"గంగాళంలో నీళ్లు బాగా తాగతన్నయ్యా నీ మొక్కలు?"

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ పడింది. దొంగకి దొంగ దొరికినట్టు అనుకోవచ్చు. నేను పుట్టింది బజారులో. మా నాన్నది గాజులూ రిబ్బన్లూ తాళాలూ అమ్మే కొట్టు. గల్లాపెట్టె మూత మీద ఎక్కాలు రాసుకున్నాను. అయితే మా నాన్న నేర్పింది అమ్మేవాడి విద్య. కొనేవాడి విద్య నాకు నేర్పింది మామ్మ.

"నీ కన్ను వస్తువు మీద పడిందా, వంద పెరిగింది. చెయ్యి పడిందా, ఐదొందలు. 'బాగుంది' అని నోట్లోంచి వచ్చిందా, ఇంక నీ మొగుణ్ణి తాకట్టు పెట్టుకోవాల్సిందే."

"మా ఆయన మీద ఎవరిస్తారు మామ్మగారూ అప్పు?"

"అందుకే నోరు మూసుకోమనేది. నీకు కావాల్సిందాన్ని చూడమాక. దాని పక్కనుండేదాని రేటడుగు. వాడు దాని గురించి చెబతా ఉంటే, నువ్వు నీ దాన్ని కాలితో చూసుకోవాల."

కాలితో చూడడం అంటే, చెప్పు విప్పి, పాదం వస్తువుకి ఆనించి, చెక్క బరువుని అంచనా కట్టడం. ఆమె దీన్ని ఎంత నాజూకుగా చేసేదంటే, అమ్మేవాడికి ఈమె కాలు నొప్పికి సర్దుకుంటోంది అనిపించేది.

ఇంకొక అలవాటు ఉండేది. షెడ్డులోకి బీరువా అంటూ ఏది వచ్చినా, ట్రాలీ మీంచి దించకముందే ఆమె లేచి వెళ్లేది. బెంచీ మీంచి ఆమె లేచేది దానికొక్కదానికే. ముందు ఎడమ తలుపు తెరిచేది. లోపలి వైపు అరచెయ్యి ఆనించి, పైనుంచి కిందికి ఒక్కసారి రాసేది. తర్వాత ఒంగి కింది అర చూసేది. అంతే. తలుపు వేసి వచ్చి కూర్చుని ధర చెప్పేది. కుడి తలుపు ఆమె తెరవగా నేనెప్పుడూ చూడలేదు.

చెద కోసం అనుకున్నాను. ఏదో పాతకాలపు పరీక్ష, పైకి చెప్పని విద్య అనుకుని, నేనూ పట్టుకున్నాను. ఎక్కడ పాత బీరువా కనిపించినా ఎడమ తలుపు తెరిచి, అరచెయ్యి రాసి, కళ్లు మూసుకుని, "ప్చ్" అనేదాన్ని. అమ్మేవాళ్ల మొహాలు పాలిపోయేవి. ఒక్కొక్క 'ప్చ్'కి మూడు నాలుగు వందలు దిగేది. ఆ చెయ్యి దేన్ని తడుముకునేదో తెలియకుండా దాన్ని నేను బేరానికి వాడుకున్నానన్న సంగతి ఇప్పుడు తలుచుకుంటే నా అరచెయ్యి నాకే చల్లగా తగులుతుంది.

ఒకసారి అడిగాను కూడా. "మామ్మగారూ, కుడి తలుపుకి చెద పట్టదా?"

లవంగం ఎడమ బుగ్గలోకి మారింది.

"పడితే పట్టనీ" అంది.

ఆ బీరువా నాకు దొరికింది చిలకలూరిపేట దారిలో, పడగొట్టబోతున్న ఒక మిర్చి గోడౌనులో. అక్కడ పాత సామాను ఉందని నాకు శుక్రవారమే తెలిసింది. మామ్మకి చెప్పలేదు. చెబితే నాకంటే ముందు ఆమె ట్రాలీ ఆటో అక్కడుంటుంది. శనివారం ఆమే ఫోన్ చేసింది.

"రేపు యాడికన్నా పోతన్నావా అమ్మాయ్?"

"ఎక్కడికీ లేదు మామ్మగారూ. తలనొప్పి."

"సొంఠి పట్టెయ్" అని పెట్టేసింది.

ఆదివారం మధ్యాహ్నం గోడౌనులో అడుగు పెట్టగానే తుమ్ములు. సగం చీకట్లో, గోనెసంచుల వెనక, ఆ చెక్క బీరువా. దారం ఉండలూ తూకపు రాళ్లూ పెట్టుకోవడానికి వాడినట్టున్నారు. కింది అర మాత్రం చెక్కది కాదు. నల్లరాయి పలక. బొటనవేలితో దుమ్ము తుడిస్తే, నల్లటి రాతిలో బంగారు చుక్కలు మెరిశాయి. వెంటనే అటు తిరిగిపోయి పక్కనున్న కుర్చీ దగ్గర నిలబడ్డాను.

"ఇదెంతండీ?"

"దానికి కాలు లేదమ్మా" అన్నాడు గోడౌను ఓనరు.

"మిగతా మూడూ ఉన్నాయిగా?"

ఆయన నన్ను జాలిగా చూసి, బీరువా తీసుకుంటే కుర్చీ ఊరికే ఇస్తానన్నాడు. బీరువా పదకొండువేలన్నాడు. ఎడమ తలుపు తెరిచాను. లోపల ఏవో కాగితాలు, ఒకదాని మీద ఒకటి అతికించి, అట్టలాగా దళసరిగా, మిరప దుమ్ము పట్టి ఎర్రగా ఉన్నాయి. అరచెయ్యి రాశాను. ప్చ్ అన్నాను.

"ఈ కాగితాలేంటండీ, జిడ్డు? ఈ ఘాటు ఏడేళ్లకైనా వదులుద్దా? పైగా ఈ రాయొకటి. బీరువాలో రాయి ఎవరన్నా పెడతారా? మోసేవాళ్ల నడుములు ఎవరు బాగుచేయిస్తారు?"

కాగితాలకో వెయ్యి, రాయికో రెండువేలు, ఘాటుకి మిగతాది. మొత్తానికి ఆరువేల రెండువందలకి తెగింది. కుర్చీ వదిలేశాను.

వడ్రంగి మాత్రం ఒకసారి ఆగాడు. "అమ్మా, ఇవి దేవుడి వాక్యాల్లాగున్నాయి. ఏళ్ల తరబడి ఎవరో శ్రద్ధగా అంటించుకున్నారు. ఉంచమంటారా?"

"ఉంచితే పాలిష్ ఎలా ఎక్కుద్దయ్యా? గీకెయ్. ఎంత?"

వేణ్ణీళ్లతో నానబెట్టి, ఉలితో లేపాడట. పొరలు పొరలుగా ఊడి వచ్చాయట. నేను చూడలేదు. ఆ సమయానికి ఫోనులో కొత్త హ్యాండిళ్లు వెతుకుతున్నాను.

పాలిష్ ఆరాక, మామ్మని ఇంటికి పిలిచాను. ఆమె కొన్నవాళ్ల ఇళ్లకి వెళ్లేది కాదు. "అమ్మిన సరుకు మొహం మళ్లా చూడగూడదు" అనేది. నేను ఊరుకోలేదు. ఆమెకి తెలియకుండా, ఆమె సాయం లేకుండా, ఆమె విద్యతోనే ఒక మేలిరకం సరుకు కొట్టాను. అది ఆమె చూడకపోతే ఆ గెలుపు గెలుపే కాదు. నాలుగుసార్లు పిలిచాక వచ్చింది.

చెప్పులు బయట విడిచి హాల్లోకి వచ్చింది. ద్వారబంధం టేబుల్ని చూసి నవ్వింది. గంగాళం దగ్గర ఆగి, మొక్క ఆకులు తిప్పి చూసింది. తర్వాత ఇటు తిరిగింది. బీరువాకి పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంది, మా ఆయన బల్బు మార్చడానికి తెచ్చి అక్కడే వదిలేసినది. మామ్మ ఆ స్టూలు వంకే చూస్తూ అడిగింది.

"ఆ స్టూలెంత?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లంతా పొంగిపోయింది. మామ్మ నా ఇంట్లో, నా దగ్గర, నా బీరువాకి బేరం పెడుతోంది! కిందికి చూశాను. ఆమె పాదం అప్పటికే జరిగి బీరువా అడుగుకి ఆని ఉంది. మనసులో ఆరువేల రెండువందలు కాస్తా పద్దెనిమిది వేలయింది.

"స్టూలు నూటయాభై మామ్మగారూ" అన్నాను వయ్యారంగా. "పక్కదాని సంగతి అడగండి."

ఆమె అడగలేదు. వెళ్లి ఎడమ తలుపు తెరిచింది. అరచెయ్యి ఆనించి పైనుంచి కిందికి రాసింది. సగం దాకా వచ్చి ఆ చెయ్యి ఆగిపోయింది. మళ్లీ పైకి వెళ్లింది. మళ్లీ రాసింది. నున్నటి చెక్క మీద చెయ్యి జారుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది, ఖాళీ చప్పుడు. ఒంగి నల్లరాయి చూసింది.

"ఈడ కాగితాలుండాలే" అంది.

"ఉన్నాయండీ, జిడ్డు! గీకించేశాను. మూడువందలడిగాడు, నేను నూటయాభైకే..."

ఆమె నోట్లోంచి లవంగం జారి రాయి మీద పడింది. చిన్న చప్పుడు. ఆమె దాన్ని తీసుకోలేదు.

మంచినీళ్లిచ్చాను. స్టూలు మీదే కూర్చుంది. గ్లాసు పట్టుకునే మాట్లాడింది, కొట్టులో మాట్లాడినట్టే, ఏ సరుకు ఎక్కడిదో చెప్పినట్టే.

"ఆ రాయి మా ఆయన తెచ్చాడు. చీమకుర్తిలో రాయి కోసే మిషను మీద పనిలే. అంచు ఇరిగిన ముక్క, మేస్త్రీనడిగి తెచ్చి, బీరువా అడుగున దిగ్గొట్టాడు. చెద పట్టదంట. నేను మొత్తుకున్నా, బీరువాకి రాయేందయ్యా, సమాధికేసినట్టు అని."

కాగితాల సంగతి తర్వాత చెప్పింది. కొత్త సంవత్సరం రోజు వాళ్ల సంఘంలో ఒక పళ్లెంలో చిన్న కాగితాలు చుట్టి పెడతారు. ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క వాక్యం. ఇంటికొకరు, చూడకుండా ఒకటి తీసుకుంటారు. ఆ ఏడాదికి ఆ ఇంటికి దేవుడిచ్చిన మాట అది. వాగ్దానం అంటారు. చాలామంది వీధి తలుపు మీద అతికించుకుంటారు. వాళ్లది అద్దె ఇల్లు. ఇల్లుగలాయన తలుపు మీద జిగురు పూయనివ్వలేదు. అందుకని బీరువా తలుపు లోపల.

"పాతది పీకేవోడు కాదు. దాని మీదనే అంటించేవోడు. ఏందయ్యా ఇది, కిందియ్యి కనపడొద్దా అంటే, 'పోయినేడు ఇచ్చిన మాట యాడికీ పోలా, కిందుంది' అనేవోడు. ఆయనకి చదువు అంతంతే. ఏడాదికొక్క కాగితం, కూడబలుక్కుని చదివేవోడు. ఆయన నోటెంట నేను విన్న చదువు అదే."

ఆయన జబ్బు చేసి పోయాడు. ఆమె నలభై రోజులు కొత్తపట్నంలో పుట్టింటి దగ్గర ఉండి వచ్చేసరికి, ఆసుపత్రి అప్పుల కింద మరిది ఇంట్లో సామానంతా అమ్మేశాడు. కొన్నవాడు ఇంకొకడికి అమ్మాడు, వాడు ఇంకొకడికి. ఆమె వెతుక్కుంటూ బయలుదేరింది. వెతికేటప్పుడు ఊరికే అడిగితే ఎవరూ లోపలికి రానివ్వరు కాబట్టి, ఏదో ఒకటి కొనేది. కొన్నవి పోగయ్యాయి. వాటిని పెట్టుకోడానికి షెడ్డు. కొట్టు పుట్టింది అలా.

"నాకెందుకు చెప్పలేదు మామ్మగారూ? ఏడేళ్ల నుంచీ మీ వెనకే తిరుగుతున్నాగా? నేనూ వెతికేదాన్నిగా?"

"చెబితే రేటు పెరగదా?"

"నాకు చెబితే కూడానా?"

ఆమె నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదు. కోపం ఉంటే నేను రాత్రిళ్లు ఇంకాస్త బాగా నిద్రపోయేదాన్ని.

"నీకే ముందు చెప్పగూడదమ్మాయ్. నిన్ను తయారుచేసింది నేను గదా."

ఆమె నాకు కావలసింది చెప్పలేదు, నేను ఆమెకి వెళ్లేచోటు చెప్పలేదు. ఇద్దరం విద్యని తు.చ. తప్పకుండా పాటించాం. ఆ శనివారం తలనొప్పి అనకుండా, "పేట దాకా వెళుతున్నా, వస్తారా?" అని ఉంటే సరిపోయేది.

"బీరువా తీసుకెళ్లండి మామ్మగారూ. డబ్బులొద్దు. ఇప్పుడే ట్రాలీ పిలుస్తా."

ఆమె లేచి చీర కుచ్చెళ్లు సర్దుకుంది. బీరువాని పైనుంచి కిందిదాకా చూసింది, కొనేవాళ్లు చూసినట్టు.

"యాడ పెట్టుకోను?" అంది.

వెళ్లిపోయింది. మర్నాడు కొట్టు మామూలుగానే తెరిచింది. వారం తర్వాత నేను భయపడుతూ వెళ్లాను. మామూలుగానే పలకరించింది. మేము మాట్లాడుతూ ఉండగా ట్రాలీ వచ్చింది, దాని మీద రోజ్‌వుడ్ బీరువా. నేను అలవాటుగా లేచి నిలబడ్డాను. ఆమె లేవలేదు. బెంచీ మీదనుంచే, తలుపు తెరవకుండా, చెయ్యి వెయ్యకుండా ధర చెప్పేసింది.

ఆ తర్వాత ఆమె ఏ బీరువా తలుపూ తెరవగా నేను చూడలేదు. షెడ్డు నిండా మూసి ఉన్న తలుపులు, వాటి మధ్య బెంచీ మీద ఆమె. వెతుక్కునేది ఏమీ మిగలని మనిషి ఎలా కూర్చుంటుందో అప్పుడు చూశాను. నాకు ఆ షెడ్డులోకి వెళ్లాలంటే భయం వేసేది. వెళ్లకుండా ఉండాలన్నా వేసేది.

ఆ తర్వాత వచ్చిన జనవరి ఒకటిన మా ఇంటి బెల్లు మోగింది. తలుపు తీస్తే మామ్మ. ఒక చేతిలో చిన్న టిఫిను డబ్బా, ఇంకో చేతిలో చుట్టిన కాగితం.

"నీ బీరువాలో నా చెయ్యంత చోటు అద్దెకిస్తావా?"

నేను పక్కకి జరిగి దారి ఇచ్చాను. ఇక్కడొక నిజం రాసుకోవాలి. దారి ఇస్తూ కూడా నా నోరు, "మూలగా అంటించండి మామ్మగారూ, పాలిష్..." అనేసింది. నోటికి అలవాటు. ఆమె డబ్బాలోంచి మెత్తగా ఉడికిన అన్నం మెతుకులు తీసి, బొటనవేలితో చెక్క మీద మెదిపి, సరిగ్గా నడిమధ్యన కాగితం అతికించింది.

"చదువు" అంది.

చదివాను.

"అంత గబగబా గాదు. ఆయన మెల్లగా చదివేవోడు."

ఎంకామ్ చదివినదాన్ని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ మళ్లీ చదివాను. ఆమె తలుపు మీద నుదురు ఆనించి విన్నది. తర్వాత తలుపు మూసి, కొంగులోంచి పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. లవంగాలు. అద్దె అంది. వద్దంటే, ఊరికే వచ్చిన చోటు నిలబడదంది. ఆ పొట్లం బీరువాలో నల్లరాయి మీద పెట్టాను. మిరప ఘాటు పోయింది, లవంగం వాసన పట్టింది.

అలా మూడేళ్లు వచ్చింది. మూడు కాగితాలు, ఒకదాని మీద ఒకటి. మూడో ఏడు మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. "కిందియ్యి ఉండయ్యిగా?" అని అడిగి, తడిమి చూసుకుని, ఆపైనే అతికించింది.

ఆమె పోయిన సంగతి నాకు ఫోనులో తెలిసింది. ఆమె అక్క కొడుకు చేశాడు. సామానంతా ఒకేసారి ఇచ్చేస్తున్నాం, పాత కస్టమర్లు కదా, ఏమన్నా కావాలంటే వచ్చి చూసుకోండి అన్నాడు. వెళ్లాను. బెంచీ అప్పటికే ఎవరో పట్టుకెళ్లారు. నేల మీద లవంగాల డబ్బా ఉంది, మూత తుప్పు పట్టి. పక్కనే మంచి ఇత్తడి కుంచం ఉంది. దాని రేటు అడగాలి, విద్య ప్రకారం. అడగలేకపోయాను.

"ఆ డబ్బా నాకు కావాలి" అన్నాను, తిన్నగా దాన్నే చూస్తూ.

అతను నా మొహం చూశాడు.

"ఐదొందలండి" అన్నాడు.

ఇచ్చేశాను. తీసుకొస్తూ ఉంటే వెనక షెడ్డులో మూసి ఉన్న బీరువాలన్నీ నా వీపు వంక చూస్తున్నట్టు అనిపించింది.

మళ్లీ ఈ జనవరి ఒకటి సంగతికి వస్తాను. మెట్ల మీద ఎవరూ లేరు. లోపలికి వచ్చి బీరువా తలుపు మూశాను. పది నిమిషాలకి మళ్లీ తెరుచుకుంది. మూడు కాగితాలు, పైది పచ్చబడుతోంది. లవంగం వాసన గుప్పుమంది. నేను చీర మార్చుకుని స్కూటీ తీశాను. ఎక్కడికని మా ఆయన అడిగితే, ఈసారి తలనొప్పి అనలేదు.

వాళ్ల చర్చి షెడ్డుకి వెనక సందులో ఉంది. ఆరాధన అయిపోయి జనం వెళ్లిపోతున్నారు. పాస్టరమ్మగారు పళ్లెం పట్టుకుని లోపలికి పోబోతున్నారు. పళ్లెంలో ఇంకా నాలుగైదు కాగితాలున్నాయి.

"ఒకటి ఇస్తారాండీ? కొట్టు మామ్మ పేరు మీద."

ఆవిడ నన్ను గుర్తుపట్టినట్టు చూశారు. "పోయినవాళ్ల పేరు మీద తియ్యమమ్మా. ఇంటి పేరు మీద తీస్తాం. ఏ ఇంటికి?"

మామ్మకి ఇల్లు లేదు. షెడ్డు ఖాళీ. వాళ్లాయనతో ఉన్నది అద్దె ఇల్లు. ఆవిడ పళ్లెం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు.

"మా ఇంటికండీ" అన్నాను.

"చూడకుండా తియ్యండి."

సరుకు చూడకుండా నేను జీవితంలో తీసుకున్నది అదొక్కటే. ఇంటికొచ్చి అన్నం మెతుకులు మెదిపి, మూడో కాగితం మీద నాలుగోది అతికించాను. తలుపు ముందు నిలబడి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాను. మా ఆయన టీవీ సౌండు తగ్గించి కూర్చున్నాడు. చదవడం అయ్యాక తలుపు మూశాను. బందు బిగించమని వడ్రంగికి చెబుదామా అన్నాడు మా ఆయన. వద్దన్నాను.

ఇక లెక్క. బీరువాకి ఆరువేల రెండువందలు. ట్రాలీకి తొమ్మిదివందలు. పాలిష్‌కి నాలుగువేల అయిదువందలు. గీకినందుకు నూటయాభై. తుప్పు డబ్బాకి ఐదువందలు. మొత్తం పన్నెండువేల రెండువందల యాభై. వచ్చిన అద్దె, మూడు పొట్లాల లవంగాలు. అతికించినవి నాలుగు. గీకించినవి ఎన్నో తెలియదు. వడ్రంగి ఊడ్చి పారేశాడు. బేరమాడి నేను మిగుల్చుకున్నది నూటయాభై రూపాయలు.